నాలుగు మిల్లీమీటర్లు

బుగ్గరాములు నా బూటు అందుకుని
పుల్కాలా చుట్టి, మళ్లీ విప్పాడు.
"గిండ్ల ఏమున్నది మేడం, కుట్టెతందుకు?"
సీతాఫల్‌మండి బ్రిడ్జి కింద కూర్చుని
ఇరవై రెండేళ్లుగా ఊళ్లో మడమలన్నీ చదివినవాడు.
నిజమే, ఇందులో ఏమీ లేదు.
మడమ కింద దిండు లేదు, అరికాలికి ఊతం లేదు.
నాలుగు మిల్లీమీటర్ల రబ్బరు,
దాని కింద హైదరాబాదు.

చిన్నప్పుడు స్కూలు బూట్లు ఒక సైజు పెద్దవి కొనేవాళ్లు.
"పెరిగే కాళ్లు" అని అమ్మ ముందుభాగంలో పాత పేపరు కుక్కేది.
పాదం పెరిగేసరికి బూటు చిరిగేది.
ఇద్దరం ఎప్పుడూ ఒక కొలతలో కలుసుకోలేదు.
తర్వాత ఉద్యోగం, మొన తేలిన చెప్పులు.
చిటికెన వేలు పక్కవేలి కిందికి దూరి
సిటీ బస్సు సీట్లో మూడో మనిషిలా
ఒదిగి కూర్చోవడం నేర్చుకుంది.

ఇవి కొనేముందు
ఆదివారం పేపరు మీద పాదం పెట్టి
చుట్టూ పెన్సిలుతో గీసుకోమన్నారు.
గీసుకున్నాను.
బొటనవేలి కింద నాచారంలో డబుల్ బెడ్రూం, బోరునీళ్లు కలవు.
మడమ కింద సెకండ్ హ్యాండ్ కూలర్.
నలభై నాలుగేళ్లకి తెలిసింది
నా పాదం విసనకర్రలా వేళ్ల దగ్గరే వెడల్పని,
ఎడమది కుడిదానికంటే
అరసెంటీమీటరు పొడవని.

మొదటి వారం పిక్కలు రాళ్లయ్యాయి.
ఆఫీసు మెట్లు వెనక్కి తిరిగి దిగుతుంటే
క్యాషియర్ షర్ఫుద్దీన్ గారు "ఖైరియత్?" అన్నారు.
పరుగంటే ఇన్నేళ్లూ
మడమలతో నేలని గుద్దడమేనని
నేల తిరిగి గుద్దితే గానీ అర్థం కాలేదు.
అడుగులు కురచ చేశాను.
పిల్లి గోడ మీంచి దూకినంత చప్పుడు.

ఇప్పుడు యూనివర్సిటీ రోడ్డు కాళ్లకి కంఠతా వచ్చు.
ఆర్ట్స్ కాలేజీ ముందు నున్నటి తారు,
హాస్టళ్ల మలుపులో కంకర తేలిన నాలుగు బారలు,
జూన్‌లో వేపపండ్లు పటుక్కుమనడం,
ఏప్రిల్‌లో ఎనిమిది దాటితే పెనం.
రాయి సరిగ్గా మెత్తచోట గుచ్చుకుంటే
నోట్లోంచి వచ్చే మాట ఇక్కడ రాయను.
సుఖంగా ఉంటాయా అని అడుగుతారు.
ఉంటాయి.
బిగుతు జడ విప్పి
మాడు మీద వేళ్లు పోనిచ్చుకున్నంత.

తార్నాక మెట్రో కింద ఫుట్‌పాత్ మీద పసుపు పలకలు.
ఏడేళ్లు వాటి మీంచే నడిచాను,
రంగు కోసం వేశారనుకున్నాను.
ఈ బూట్లలో మొదటిసారి అరికాలికి అక్షరాలు తగిలాయి.
నిలువు గీతలు: పద.
గుండ్రటి చుక్కలు: ఆగు, ముందు మలుపుంది.
చూపులేనివాళ్ల కోసం రాసిన ఆ వాక్యాన్ని
కళ్లు మూసుకుని పదిహేను అడుగులు చదివాను.
మధ్యలో మిర్చిబజ్జీ బండి.
రోజూ ఎవరో ఒకరు
ఇక్కడ చదవడం ఆపి తడుముకుంటున్నారన్నమాట.

పద్నాలుగు నెలలు. ఫోను లెక్కలో పదకొండు వందల కిలోమీటర్లు.
పైగుడ్డ చెక్కుచెదరలేదు, కుట్లు గట్టివి.
ఎడమ బొటనవేలి మొదట్లో మాత్రం
రూపాయి బిళ్లంత చిల్లు.

బుగ్గరాములు అందులోంచి వేలు పోనిచ్చి ఆడించాడు.
"ఎడమ దిక్కు ఒరుగుతున్నవ్ మేడం.
బ్యాగు ఆ భుజానికే ఏస్తవా?"
డాక్టరు మూడు ఎక్స్‌రేలు తీసి అడగని ప్రశ్న.
మోపెడ్ ట్యూబు ముక్క కోసి, గరుకు కాగితంతో రుద్ది,
గమ్ము పూసి, నోటితో ఊది,
సుత్తితో రెండే దెబ్బలు.
"ముప్పై ఇయ్యి. మడిమె ఉంటె వంద తీస్కుందు."

మర్నాడు ఐదున్నర. వాన వెలిసింది, చీకటి వెలవలేదు.
కుడికాలు: రోడ్డు.
ఎడమకాలు: రోడ్డు, దాని మీద ఒక చుక్క.
చుక్క అంటే ఆగమని.
హబ్సిగూడ దాకా పోయి చూద్దాం.