ఊదు

రాత్రి ఒంటిగంట దాటి పది నిమిషాలు.
బోడుప్పల్ బరాత్ ఇప్పుడే ఒడిసింది.
పెండ్లికొడుకు గుర్రం దిగిండు,
గుర్రం డీసీఎం ఎక్కి ఇంటికి పోయింది,
నేను పాత ప్యాషన్ బండి మీద
ట్రంపెట్ వీపుకు కట్టుకొని వారాసిగూడకు.

తార్నాక దాటినంక, మెట్టుగూడ కాడ,
మెట్రో పిల్లర్ల నడుమ
ఎర్రలైటు కర్ర ఒకటి గాలిల ఊగింది.
పక్కకు పెట్టు. తాళం తీయ్.
నేను తీసుడేంది, ఆయనే గుంజుకున్నడు.

ముందట ఆరుగురున్నరు వరుసల.
తెల్లకారు పిలగాడు ఫోన్ ముందుకు చాపి
"మా మామతోని ఒక్క మాట సార్, ఒక్కటే మాట."
నాకూ ఉన్నడు మామ,
జనగాం దిక్కు కోళ్లఫారం కాడ కావలి.
ఈ టైంకు ఫోన్ చేస్తే కోళ్లు లేస్తయి.

నా వంతొచ్చింది.
పేరు?
బూర కనకయ్య.
ఏం పని?
బూర ఊదుత సార్.
తలెత్తిండు కానిస్టేబుల్. మజాకా?
మజాకా కాదు సార్. ఇంటిపేరు తాతలిచ్చిండ్రు,
పని జహంగీర్ మాస్టర్ ఇచ్చిండు,
రెండూ ఒకటైతే నేనేం జెయ్యాలె?

అప్పుడు చూసిండు నన్ను నిండుగ.
ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు,
ఛాతీ మీద రెండు వరుసల ఇత్తడి గుండీలు.
ఆయన భుజాల మీద ఏం లేదు,
ఉత్త ఖాకీ, చెమట ఆరిన ఉప్పుగీతలు.
ఎవరు ఎవరికి సెల్యూట్ కొట్టాల్నో
ఒక్క నిమిషం ఇద్దరికీ సమజ్ కాలె.

గొట్టం నోటి కాడ పెట్టిండు.
ఊదు.

సాయంత్రం ఏడు నుంచి ఊదుతనే ఉన్న సార్.
ఊదుమనేటోళ్లే అందరు.
దోస్తులు పదిరూపాయల నోటు నుదుటికి అతికించి ఊదుమన్నరు,
మేనమామ గ్లాసు మూతికి ఆనిచ్చి
తాగు, తాగి ఊదు అన్నడు.
తాగలె. మందు పడితే పెదవి మొద్దువారుతది,
పెదవి మొద్దువారితే పైస్వరం పలుకది.
మంచితనం కాదు సార్ ఇది, గిరాకి.

ఊదిన.
ఆపకు, ఊదు, ఊదు, ఊదూ
అనుకుంట ఆయనకే ఆయాసమొచ్చింది.
నాకింక సగం మిగిలే ఉంది.
ఇరవై ఎనిమిదేండ్ల ఊపిరి అది,
బొడ్డు కాడికెళ్లి లేస్తది.
చాలు చాలు, ఆపు.

సున్న.

మిషిన్‌ను అరచేత్తో తట్టి మళ్ల చూసిండు.
తెల్లకారు పిలగానిది నూట పన్నెండు.
బడిల సున్న వస్తే వీపు పగిలేది,
దానికింత విలువుంటదని ఏ సారూ చెప్పలె.

పొమ్మంటడనుకున్న.
హెల్మెటేది?

అప్పుడు యాదికొచ్చింది.
నెత్తిన బ్యాండు టోపి. దాని మీద తెల్ల ఈక.
నవ్విండు. నవ్వుకుంటనే ఫోటో కొట్టిండు.

తాళమిచ్చుకుంట మెల్లగ అడిగిండు,
"శ్రావణంల మా చెల్లె పెండ్లి. మీ సెట్టుకెంత?"
ఇరవై రెండు వేలు సార్, పన్నెండు మందిమి.
"తక్కువ జెయ్యవా?"
మీరు జేస్తరా?
ఆయన చేతిల మిషిన్ దిక్కు చూసిండు,
నేను రోడ్డు దిక్కు చూసిన.
నంబరైతే రాసుకున్నడు.

మూడోనాడు మెసేజ్. బిడ్డ తెరిచి చూపించింది.
ఎన్నో వందల పెండ్లి ఫోటోలల్ల ఉన్న నేను:
సగం చెంప, ఒక మోచెయ్యి,
గుర్రం తోక ఎనుక ఇత్తడి మెరుపు.
ఇండ్ల మాత్రం నడిమిట్ల, ఒక్కన్నే.
ఈక సుద్ద తెల్లగ కనవడుతున్నది.
కింద తారీఖు, టైము, సెకండ్లతోని సహా.
"మంచిగ పడ్డవ్ డాడీ" అన్నది.

కట్టాలె. డిస్కౌంట్ ఇస్తరేమో చూసి కడుత.
పెదవి మీద ఆ గొట్టం ప్లాస్టిక్ వాసన పోలేదింక.

రేపు అల్వాల్‌ల బరాత్.
అప్పు చేసి హెల్మెట్ కొన్న, నల్లది.
టోపి యాడ పెట్టాల్నో తెల్వక
ట్రంపెట్ నోట్లె కుక్కిన,
ఈక బయటికి.