మొదలు, కొస

బయట మైనస్ ఇరవై రెండు.
గరాజులో, రెండు హీటర్లు కొనప్రాణంతో లాగితే, పన్నెండు.
బల్ల మీద నీలం ఫోమ్ దిమ్మ
ఇంకా ఏ ఆకారానికీ ఒప్పుకోలేదు.

రెండు పక్కలా ప్లైవుడ్ అచ్చులు మేకులతో దిగ్గొట్టాను.
నా వైపుది పెద్దది, రెక్క మొదలు.
అవతలిది చిన్నది, రెక్క కొస.
మధ్యన విల్లుకి బిగించిన తీగ,
కరెంటు పారితే ఎర్రబడకుండానే కాలుతుంది.
ఇక్కడిదాకా అంతా ఒక్కదాన్నే చేశాను.
కూహ్మో చుట్టూ ముప్పై ఒక్క ఏళ్ళు
ఒక్కదాన్నే ఉత్తరాలు మోసినదాన్ని.
కానీ ఈ విల్లుకి రెండు పిడులు.

అందుకని తౌనోకి చీటీ రాశాను,
స్టాంపు అంటించి, రోడ్డుకి అటు పక్క ఇంటికి.

పదకొండేళ్ళుగా మాది ఎడమొహం పెడమొహం.
నాన్న పోయాక సరస్సు ఒడ్డు పంచుకున్నప్పుడు
సానా గది వాడి వాటాకి పోయింది.
అంతే. చెప్పుకుంటే పెద్ద కథేమీ కాదు.
చెప్పుకోకపోబట్టే పెద్దదైంది.

వచ్చాడు. టోపీ తియ్యలేదు.
అచ్చు మీద నేను గీసిన అంకెల్ని వేలితో తడిమి
పిడి పట్టుకున్నాడు.

"ఒకటి," అన్నాను.
"ఒకటి," అన్నాడు.
తీగ దిగింది. ఎక్కడో దూరాన
ఎవరో దువ్వెన కాల్చినట్టు సన్నటి వాసన.
"రెండు."
"రెండు."
పెద్ద అచ్చు మీద నాకు దూరమెక్కువ, త్వరపడాలి.
చిన్న అచ్చు మీద వాడికి తక్కువ, తాత్సారం చెయ్యాలి.
అంకె మాత్రం ఇద్దరికీ ఒక్కసారే రావాలి.
ఒకరు ముందుకురికితే తీగ వెనకబడి లోయ తవ్వుతుంది.
ఒకరు అలిగి ఆగితే
ఆగినచోటే గుంట.
"పధ్నాలుగున్నర."
"...న్నర."
ఇరవై ఆరు దాకా లెక్కపెట్టుకున్నాం.
పదకొండేళ్ళలో మేం మాట్లాడుకున్నవి అవే.

మర్నాడు పిలవకుండానే వచ్చాడు.
గాజుబట్ట ఐమూలగా పరిచాం.
రెసిన్ వందకి హార్డెనర్ నలభై నాలుగు.
నేను తూచింది నమ్మక మళ్ళీ తూచాడు.
జిగురు తాగేకొద్దీ తెల్లబట్ట మాయమై
కిందున్న నీలం పైకి తేలింది.
ముంజేతుల నిండా గాజునూగు, ఒకటే దురద.
ఇద్దరం ఒకేలా గోక్కుంటున్నాం,
నాన్నలాగే, గోళ్ళతో కాదు, మణికట్టుతో.

ఆ రాత్రి హీటరొకటి చచ్చిపోయింది.
పొద్దుటికి కూడా జిగురు వేలికి అంటుతూనే ఉంది.
నేనేమీ అనలేదు. వాడు నీళ్ళు నమిలాడు.
చివరికి టోపీ తీసి, దాంతో చెబుతున్నట్టు,
"మన సానాలో పెడదాం," అన్నాడు.

మంచులో మోసుకెళ్ళాం. నేను మొదలు, వాడు కొస.
తలుపులోంచి దూరలేదు.
కిటికీ చట్రం ఊడదీశాడు,
వాటా తేలిన ఏడాది కొత్తగా బిగించుకున్న చట్రం.
పై బెంచీ మీద మూలనుంచి మూలకి రెక్క.
నలభై డిగ్రీలు. దాటనివ్వకుండా ఒక్కో కట్టె.
రాళ్ళ మీద నీళ్ళు చల్లొద్దని రెండుసార్లు చెప్పాను.
మూడోసారి నవ్వాడు.

మూడో రోజున రెండు యూరోల బిళ్ళతో తట్టి చూశాం.
టక్ టక్ టక్. పొడిగా, గట్టిగా.
టక్ టక్
డప్.
మళ్ళీ తట్టాను. డప్.
అరచెయ్యంత మేర గాజు ఫోమ్‌ని పట్టుకోలేదు.
లోపల గాలి.
పైకి నున్నగానే ఉంది. ఎవరికీ తెలిసేది కాదు.
"వదిలేద్దామా," అన్నాను.
పెన్సిలుతో దాని చుట్టూ గీత గీశాడు.
"ఎగిరేది నువ్వు," అంటూ
కత్తి నా చేతికిచ్చాడు.

ఇది కుడి రెక్క.
ఎడమదానికి దిమ్మ బల్ల కింద ఉంది.
ఈసారి పెద్ద అచ్చు తన వైపు పెట్టమంటున్నాడు.
ఇంకా తేల్చుకోలేదు.