పోలయ్య వాకిలి

తుమ్మలపెంట రోడ్డు మీద ఆటో దిగేసరికి
ఎండ ఇంకా పచ్చిగానే ఉంది.
మేం ఏడుగురం. కొత్త బూట్లు, నీళ్ళ సీసాలు,
నెల్లూరులో కొన్న ఒకే రంగు టోపీలు.
మమ్మల్ని అడవిలోంచి సముద్రం దాకా నడిపించాల్సిన మనిషి
కల్వర్టు మీద గొంతుక్కూచుని
బీడీ ఇంకెంత మిగిలిందో చూసుకుంటున్నాడు.
యాకసిరి పోలయ్య. కాళ్ళకి చెప్పుల్లేవు.
"పోదాం సామీ" అన్నాడు,
మా వెనకెవరితోనో అన్నట్టు.

అడవంటే పెద్ద అడవేం కాదు,
రొయ్యల గుంటలు తినగా మిగిలింది.
కలే పొదలు, బలుసు, పరికి కంప,
ఎక్కడో ఒక తాడిచెట్టు.
గుంటల్లో చక్రాలు రాత్రంతా కొట్టిన నీళ్ళనే
మళ్ళీ కొడుతున్నాయి.
పోలయ్య ఒక ఆకు తుంచి నలిపి
అందరి ముక్కుల దగ్గరా పెట్టాడు.
కాలేజీలో బోటనీ చెప్పే సుహాసిని గారు
దాని లాటిన్ పేరు చెప్పారు.
శ్రద్ధగా విన్నాడు.
"అట్ట పిలిచినా పలకతాదా అమ్మా?"

ఉప్పు కాలువ ఒడ్డున
మోచేతి దాకా బురదలోకి చెయ్యి పోనిచ్చి
చాలాసేపు అట్లాగే ఉన్నాడు,
లోపలెవరో కరచాలనం వదలనట్టు.
బయటికొచ్చిన ఎండ్రకాయని వెల్లకిలా తిప్పి
గుడ్లున్నాయని వదిలేశాడు.
ఫోటో అందలేదు, ఇంకోసారి తియ్యమన్నాం.
"అది రాదు సామీ, దానికి పనుండాది."

కాలనీలో ముప్పై గడపలు.
ఒకే కొళాయి, దాని చుట్టూ బిందెల వరస,
వలకి ముడి వేస్తూ తలెత్తని ముసలాయన,
మా టోపీలు లెక్కపెడుతున్న పిల్లలు.
చెంగమ్మ స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చి అడిగింది:
"చూసిపోను వచ్చినారా,
రాసుకోని పోను వచ్చినారా?"
ఏడుగురం టీ ఊదుకున్నాం.
టీ అప్పటికే చల్లారి ఉంది.

ఆ తర్వాత సర్వి తోపు.
గీత గీసి నాటిన చెట్లు,
ఎటు చూసినా సందే, ఎటు నడిచినా ఒకే చోటు.
రాలిన ఆకు మీద మా బూట్లకి కూడా చప్పుడు పోయింది.
ముందు నడుస్తున్న పోలయ్య
ఉన్నట్టుండి తల వంచాడు.
ఎడం కాలెత్తి దేన్నో దాటాడు.
మళ్ళీ నిటారుగా నడిచాడు.
అక్కడ కొమ్మ లేదు. కంప లేదు.
ఇసక, దాని మీద కొంచెం ఎండ.

అడగకుండా ఉండాల్సింది. అడిగాను.
"మా వాకిలి సామీ.
తాటాకు చూరు కిందికుండేది.
మా నాయనకి దినామూ నెత్తికి తగిలేది."
మరి ఇల్లు?
"తోపు ఏసేదానికి లెయ్యమన్నారు. లేచినాం."
పది అడుగులు నడిచాక,
"మొక్కలు నాటింది గూడా మేమే. కూలికి" అన్నాడు.

సముద్రం వచ్చింది.
అందరూ పరుగెత్తారు, నేనూ పరుగెత్తాను.
పోలయ్య తెప్ప నీడలో కూచున్నాడు,
సముద్రానికి వీపు పెట్టి, చెట్ల వైపు చూస్తూ.
మేం తీసిన వీడియోలన్నిట్లోనూ
గాలి తప్ప ఎవరూ మాట్లాడరు.
ఒకదాంట్లో మాత్రం చివర
అతని అరికాళ్ళు కనబడతాయి,
తెల్లగా, పగుళ్ళతో,
నీళ్ళు దిగిన చెరువులా.

తిరుగుదారిలో పొద్దు వాలింది.
ఈసారి నేను ముందు నడిచాను.
రెండు చెట్ల మధ్య, నాకు గుర్తున్న చోట,
తల వంచి, కాలు జాగ్రత్తగా ఎత్తి,
మర్యాదగా లోపల అడుగు పెట్టాను.

ఆ రోజు మొదటిసారి
పోలయ్య నవ్వడం విన్నాను.

"ఆడ గాదు సామీ,
అది పొయ్యి.
కాలతాది."