నాలుగో రేకు

నేను బిల్లు కలెక్టరుగా చేరేనాటికి
కట్టకిందిపాలెం ఇంకా పంచాయతీ.
సర్పంచి పరంధామయ్య గారి వసారాలో చెక్క బీరువా,
అందులో తీర్మానాల పుస్తకం, దానికి చెద.
పద్నాలుగో తీర్మానం నాకిప్పటికీ నోటికొచ్చు:
రేవు మలుపున పెట్రోమాక్స్ దీపమొకటి వెలిగించవలెననియు
కిరసనాయిలు ఖర్చు బండి పన్నులోంచి భరించవలెననియు...
కింద పదకొండు మంది.
నాలుగు సంతకాలు, ఏడు వేలిముద్రలు.
చివరి ముద్ర మా నాన్నది.
మీటింగంతా గడప పక్కన నేల మీద కూర్చుని
పిలిచినప్పుడు లేచి వేలు చాపాడట.
దీపం మాత్రం మా పేట దాకా రాలేదు.

తర్వాత బెజవాడ కాలవ దాటింది.
పెసర చేలల్లో తెల్లరాళ్లు మొలిచాయి.
ఊరి పేరు పక్కన మాట మారిన ప్రతిసారీ
బాజీ నిచ్చెనేసుకుని వచ్చేవాడు.
పాత అక్షరాలు గీకమంటే గీకడు,
"గీకితే రేకు బొక్కడుద్ది బాబాయ్" అని
వాటి మీదే పచ్చరంగు పూసి
మునిసిపాలిటీ అని రాశాడు.
రెండు వానాకాలాలు తడిసేసరికి
'లిటీ' కింద నుంచి 'యతీ' తొంగిచూసింది.
కమిషనర్ గారికి కోపం. మాకు నవ్వు.

ఆపైన ఎన్నికల్లేని ఏడేళ్లు.
పుస్తకంలో ప్రతి పేజీకీ ఒకటే సంతకం,
ప్రత్యేకాధికారి గారిది, రైలుపట్టాలా సాగేది.
కాదనేవాళ్లు లేరు. వాళ్ల కుర్చీలు
స్టోరు రూములో ఒకదాని మీద ఒకటెక్కి ఉన్నాయి.
మంచినీళ్ల ట్యాంకు లేచింది ఆ ఏడేళ్లలోనే.
అదీ చెప్పాలి, నేను లెక్కల మనిషిని.

ఎన్నికలొచ్చాక పదకొండో వార్డు ఏలీషమ్మ గెలిచింది.
మొదటి మీటింగుకి ఆమె మొగుడు ఇస్త్రీ చొక్కాతో వచ్చి
కుర్చీ లాక్కున్నాడు.
"నువ్వు బయట బండి చూసుకో" అంది, అంతే.
మా పేటలో కుళాయి ఆ సాయంత్రం రాలేదు,
రెండేళ్లు పట్టింది.
వచ్చిన రోజు మొదటి బిందె నాన్న ఫొటో ముందు పెట్టాను.

బుడమేరు వచ్చిన రాత్రి నేను పడవలో ఉన్నాను.
పడవవాడు చీరాల కుర్రాడు.
"ఏ వార్డు? డోర్ నంబరెంత?" చీకట్లోకి కేకేశాడు.
ఎక్కడో డాబా మీంచి మస్తాన్‌బీ గొంతు:
"గానుగ పక్కన!"
గానుగ పోయి ముప్పయ్యేళ్లు.
ఎడమకి తిప్పమన్నాను.

నీళ్లు తీశాక ఆఫీసు తెరిచాం.
పుస్తకాన్ని డాబా మీద పేజీకో రాయి పెట్టి ఆరబెట్టాను.
సిరా సంతకాలు నీలి మబ్బులై కలిసిపోయాయి,
పరంధామయ్య గారివీ, రైలుపట్టాల వారివీ.
స్టాంపు ప్యాడ్ రంగు కరగదు కాబోలు,
నాన్న వేలు గీత గీతా అట్లాగే ఉంది.
ఎండలో చాలాసేపు నిలబడ్డాను.

ఇప్పుడు మేం బెజవాడలో కలిసిపోయామట.
గేటు మీద ఫ్లెక్సీ కట్టారు, బాజీ కొడుకు షాపులోదే.
గాలికి అది లేచినప్పుడల్లా
వెనక బాజీ చేతిరాత.

నా సర్వీసు చివరి నెల. కొత్త నంబరు రేకులు పంచుతున్నాను.
మస్తాన్‌బీ తలుపు మీద ఇప్పటికే మూడున్నాయి:
సున్నంతో పందొమ్మిది,
తుప్పు రేకు మీద మూడు బై నలభై,
నీలం రేకు మీద నాకే గుర్తుండనంత పొడుగుది.
మూడింటికీ పైన, బారెడు ఎత్తున, బురద గీత.
నాలుగోది ఎక్కడ కొట్టను పిన్నీ అన్నాను.
ఆమె రేకు తిప్పి చూసింది, చదువు రాదు.
"ఇందాకా మూడూ మునిగినియ్యి.
దీన్నన్నా పైన కొట్టు,
నీళ్లందని చోట."
నిచ్చెన కోసం బాజీ ఇంటికి కబురు పెట్టాను.