పన్నెండు బోల్టులు

పర్లాకిమిడి బస్టాండు వెనక మా షెడ్డులో
ఒక ఇంటిని తూకం వేశాం.
ఎనభై నాలుగు కిలోలు.
"ఇద్దరు మొయ్యలేరండి" అన్నాడు తవిటినాయుడు
వెల్డింగు అద్దాలు నుదుటి మీదికి తోసుకుని.
"ఇద్దరూ ఆడోళ్ళు. పైగా ఎగువకి."

నాలుగు రాత్రులు ఇంట్లోంచి బరువు తీశాం.
ఇనప గొట్టాలు తీసి వెదురు పెట్టాం.
కిటికీ రెక్క తీసేశాం, మళ్ళీ పెట్టాం.
లోపలి గొళ్ళెం జోలికి మాత్రం ఎవరం పోలేదు.
తుఫాను రాత్రులు బడి వరండాలో పడుకున్న పిల్ల ఎవరో
ఆఫీసరుతో అందట,
ఇల్లు లేకపోతే మానె, తలుపు కావాలని.

యాభై ఒకటికి దిగింది.
విప్పితే ఆరు పలకలు, పన్నెండు బోల్టులు, ఒక పానా.
పానా పోతుందని తెలుసు గనక
గొలుసుతో గుమ్మానికి కట్టాం.

సెరంగో దాటాక జీపు ఆగిపోయింది.
కొండ జారిన చోట దారికి అడ్డంగా
జీడితోట బోర్లా పడి ఉంది.
పలకలు నెత్తికెత్తుకుని వాళ్ళే మోశారు.
వెనకాల నేను, చేతిలో డ్రాయింగు కాగితం.

నలభై నిమిషాల్లో లేచింది మొదటి ఇల్లు.
ఎవరైనా ఏదైనా అంటారని నిలబడ్డాను.
సుంబారి రైకా లోపలికెళ్ళి
గోడని అరచేత్తో తడిమింది, గోరుతో గీకింది,
బయటికొచ్చి మా తెలుగులోనే
"దీనికి పిండి పట్టదు బాబూ" అంది.

నాకు అర్థం కాలేదు.
పుల్ల తీసి తడిమట్టి మీద గీసింది
నాలుగు గీతల గది.
అందులో మనుషులు, చెట్టెక్కే కోతి,
గొడుగు పట్టుకున్నవాడొకడు.
"మా యమ్మ గోడలోనే ఉండేది.
గోడతో పాటే జారిపోయింది.
ఇప్పుడెక్కడుంటాది?"

ఇంటికి అయిదుగురని వేసుకున్నాను,
తలకి మూడున్నర చదరపు మీటర్లు.
పోయినవాళ్ళని లెక్కపెట్టలేదు.

మర్నాడు ఒక పలక ఊడదీసి
తడక అల్లి ఎర్రమట్టి మెత్తాం.
ఎంత బరువు పెరిగిందో
తవిటినాయుడు పుస్తకంలో రాయలేదు.

ఇది మూడు వానాకాలాల కిందటి మాట.
కాగితం మీద ఆరు నెలలే.
తుప్పు కూడా ఆరు నెలలకే లెక్క కట్టాం.
మొన్న వెళ్ళి చూస్తే
పానా ఉంది, గొలుసూ ఉంది,
ఒక్క బోల్టూ తిరగదు.
చూరు కింద సొరపాదు పాకింది.
ఎర్రగోడ మీద తెల్లటి వరస,
నెత్తిన పలకలు మోస్తున్న బియ్యప్పిండి మనుషులు,
అందరి వెనకా ఒకడు
చేతిలో చిన్న తెల్ల ముక్కతో.

అది ఇంకాస్త నాసిరకంగా చేసి ఉంటే
మొదటి వానకే కురిసి ఉంటే
పక్కా ఇళ్ళ ఫైలు కదిలేదేమో.
కొండ దిగుతూ తవిటినాయుడితో అన్నాను.
అతను సంచిలోంచి నూనె డబ్బా తీసి
"ఇది పోసొస్తానుండండి" అని
మళ్ళీ పైకి ఎక్కాడు.