ముగ్గుపిండి గోడలు

ఏసుపాదం మేస్త్రి టేపు చివర నా చేతికిచ్చి
గట్టిగా పట్టుకోండమ్మా అన్నాడు.
పుట్టి బుద్ధెరిగాక నేను పట్టుకున్న మొదటి గోడ అది.

గుప్పెట్లోంచి ముగ్గుపిండి జారుస్తూ
ఇది హాలు, ఇది వంటిల్లు, ఇటు పడగ్గది,
ఈశాన్యం ఖాళీ, ఆగ్నేయం పొయ్యి అంటూ తిరిగాడు.
గంటలో మా మూడు సెంట్ల మెరక మీద
ఎత్తులేని ఇల్లు లేచింది.

మా అత్త పునాది గురించి అడిగింది.
"ఎనభయ్యారు వరద బడి గోడమీద ఎక్కడిదాకా వచ్చిందో
ఆ గీతకి జానెడు పైకి."
ఆ ఏడు ఆమె అటకమీద రెండు రాత్రులు
కోడిపెట్టతో, ఊరగాయ జాడీతో కూర్చుంది.
వాస్తంటే ఆమెకి అదొక్కటే.

మా ఆయన బండి ఎక్కించడానికి ఏటవాలు అడిగాడు,
మెట్లకింద వలలు పెట్టుకునే చోటు అడిగాడు.
ఆయ్, అన్నాడు మేస్త్రి అన్నిటికీ.

నేనడిగిందే అతనికి అంతుబట్టలేదు.
"వంటింటికీ హాలుకీ మధ్య గోడ వద్దండి."
"పోపు ఘాటు ఇల్లంతా కమ్మేస్తాదమ్మా."
"కమ్మనీండి.
పొయ్యి దగ్గరున్నా నా చేతులు
పాపకి కనబడాలి."

మా లాస్యకి ఏడేళ్లు.
మాట దానికి చెవుల్లోంచి కాదు, కళ్లలోంచి పోతుంది లోపలికి.
ఇప్పుడున్న అద్దె వాటాలో
అన్నానికి పిలవాలంటే
గరిటె దించి, చెయ్యి కడిగి, రెండు గుమ్మాలు దాటి
దాని ఎదురుగా వెళ్లి నిలబడాలి.
గోడలకి చెవులుంటాయంటారు.
మా పాపకి లేనివి వాటికెందుకో.

కిటికీలూ అలాగే చెప్పాను.
వెలుగు మొహమ్మీద పడాలి, వీపుమీద కాదు.
వెనకాల ఎండుంటే నేనొక నల్లటి బొమ్మని,
అప్పుడు మూగది నేను.
దాని గది స్విచ్చు గుమ్మం బయట పెట్టాలి:
తలుపు కొట్టడమంటే మా ఇంట్లో
లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించడం.

మరి కరెంటు పోతే?
తుఫానొస్తే వారం దాకా రాదు కదా.
మేస్త్రి పెన్సిలు చెవిమీద పెట్టుకుని ఊరుకున్నాడు.
మా ఆయన కాలవగట్టు వైపు చూసి
"నావుందిగా" అన్నాడు.

వంతెన పడ్డాక రేవు పోయింది.
మావగారు ముప్పయ్యేళ్లు నడిపిన నావ
గట్టుమీద బోర్లా పడుంది,
మిట్టమధ్యాహ్నం మేకలు దాని పక్కన చేరతాయి.
ఆ చెక్కలు కోయించి పాప గదికి నేల వేయిస్తే
ఎవరు అడుగేసినా దాని పాదాలకి తెలుస్తుంది,
చీకట్లో కూడా.

"టైల్సు రోజుల్లో చెక్కేంటండి, చెద పట్టదూ?"
"కీలూ నీళ్లూ తాగిన చెక్కది,
చెదకి సయిస్తుందా ఏంటి" అంది మా అత్త.
అని, కాసేపు మాతో లేదు.

ఆ రాత్రి వాన.
పొద్దున్నకి హాలూ లేదు, ఆగ్నేయమూ లేదు,
బురదలో నాలుగు తెల్లటి చారలు.
మేస్త్రి వచ్చేసరికే లాస్య
ముగ్గుడబ్బా తెచ్చేసుకుని వంగి వంగి గీస్తోంది.
పెద్ద గుండ్రం. లోపల ఏమీ లేదు.
నన్ను తీసుకెళ్లి నడుమ నిలబెట్టింది,
నాన్ననీ నాన్నమ్మనీ చెరో పక్కన.
మేస్త్రినీ చెయ్యిపట్టి లాక్కొచ్చింది.
అప్పుడు అంచు వెంట ఒక చుట్టు నడిచి
ఎక్కణ్ణించి చూసినా అందరం కనబడుతున్నామో లేదో
చూసుకుంది.

"గుండ్రటింటికి మూలలుండవు కదమ్మా,
బీరువా ఎక్కడ పెట్టుకుంటారు" అన్నాడు మేస్త్రి నాతో.
ఏమనుకున్నాడో, దానివైపు తిరిగాడు.
టేపు కింద పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని
వచ్చీరానట్టు గాలిలో ఒక గుమ్మం గీసి
ఎక్కడ? అన్నట్టు కనుబొమలెగరేశాడు.

లాస్య ఇంకా ఆలోచిస్తోంది,
ముగ్గు చేత్తో బుగ్గ గోక్కుంటూ.