చేతితొడుగుల పరీక్ష

కొట్లో అన్నీ బాగానే పాడతాయి.
అందుకే బదార్చ్ దాన్ని బయటికి తీసుకెళ్లాడు,
చోయిబల్సాన్ వీధిలోకి, మైనస్ ముప్పైరెండులోకి.

తోలు తొడుగు తియ్యకుండా
జేబులోనే తడిమాడు.
సౌండు పెంచబోతే పాట మారింది.
"బొటనవేలికి కళ్ళుంటాయా?" అన్నాడు నాతో.

మంద్రం మరీ బొద్దుగా ఉందట,
గుర్రపుతల ఫిడేలుని పరుపులో చుట్టి వాయించినట్టు.
నేనొప్పుకోలేదు. ఇయర్‌ఫోన్లు మార్చాను.
విల్లు తీగని తాకేముందు
ఆ రవ్వంత గరుకు వినబడిందేమో,
నడుస్తున్నవాడు ఆగాడు.

పాటకీ పాటకీ మధ్య బుస
చాలాసేపు విన్నాడు.
"మా లారీ హీటరు కంటే నయమే."

మూడు గీతల బ్యాటరీ
ఒక్కసారిగా సున్నా.
చంకలో పొదువుకుని వెనక్కొచ్చాడు.
ధర అడగలేదు.
"ఆ బటన్ మీద
ఒక బార్లీగింజ అతికిస్తావా?"

సొరుగులో జిగురు వెతుకుతున్నాను.
అతని చంకలో ఏదో సన్నగా
మళ్ళీ మొదలైంది.